మూగ వరుస

ఆర్గన్ వెనక గదిలోకి హెడ్మాస్టరు జీవరత్నం గారు దూరడం అదే మొదటిసారి. ఆయన భారీ మనిషి, తలుపేమో చిన్నది. వచ్చే ఆదివారం బిషప్ గారు వస్తున్నారు. ఆయన కన్ను పడే ప్రతిచోటా ముందుగా తన కన్ను పడాలని జీవరత్నం గారి పట్టుదల. అందుకని టార్చిలైటు పట్టుకుని, పొట్ట లోపలికి పీల్చి, పక్కకు తిరిగి దూరారు. బయట రూతమ్మ టీచరు తాళంచెవితో నిలబడింది. మిషన్ బడి ప్రార్థన గుడిలో ఆర్గన్ వాయించేది ఆమే.

"టీచరమ్మా, గీ తెల్ల గొట్టాలేవి?" అని లోపలినుంచి గొంతు వినబడింది.

రూతమ్మ తల లోపలికి పెట్టి చూసింది. టార్చి వెలుగులో మూడు వరుసలు కనబడ్డాయి. ముందు వరుస టేకు చెక్క గొట్టాలు, పలకలుగా, మనిషెత్తున. తర్వాతవి బూడిదరంగు సీసపు గొట్టాలు. గోడ పక్కన ఉండేవి సన్నగా, తెల్లగా మెరిసే గొట్టాలు. ఆ మూడో వరుసలో సగం చోట ఉత్త బొక్కలే ఉన్నాయి. పళ్లూడిన చిగుళ్లలా ఉంది అక్కడ.

"నిన్నమొన్న పోయినయి కావు. బొక్కలల్ల దుమ్ము లేదు గని, సాలెపురుగు అప్పుడే గూడు కట్టింది," అన్నారు జీవరత్నం గారు. ఆయన లెక్కల మాస్టరు. దేన్నైనా రుజువు చేయకుండా వదలరు.

ఆ ఆర్గన్‌కు అనుమానం కొత్త కాదు. నిజాం కాలంలో విలియమ్స్ దొర దాన్ని సీమనుంచి ఓడలో మద్రాసుకూ, అక్కణ్ణుంచి రైల్లో మంచిర్యాలకూ తెప్పించాడు. స్టేషన్లో పోలీసులు పెట్టెలన్నీ విప్పించి, ఇన్ని గొట్టాలు తుపాకులకు కాకపోతే దేనికని దొరను ఒక పూటంతా కూర్చోబెట్టారట. ఆ తర్వాత ఎడ్లబండ్ల మీద లింగాపూర్ చేరింది. గుడిలో దాన్ని నిలబెట్టి మొదటిసారి గాలి కొట్టినప్పుడు ఊరి ఎడ్లు పలుపులు తెంపుకున్నాయని ముసలివాళ్లు ఇప్పటికీ చెబుతారు.

పోలీసు యాక్షన్ యేడు బడి మూతపడింది. ఎలుకలూ చెదలూ గుడిలో కాపురం పెట్టాయి. తెల్ల గొట్టాలకు గాలి వదిలే చెక్క పట్టీ అప్పుడే ఉబ్బి బిగుసుకుపోయింది. దాన్ని లాగే గుబ్బ ఎవరి చేతికో ఊడివచ్చింది. బడి మళ్లీ తెరిచారు గానీ ఆ వరుస మళ్లీ పలకలేదు. ఆర్గన్ దగ్గర పనిచేసేవాళ్లు దానికి మూగ వరుస అని పేరు పెట్టారు. గొట్టాలు ఉన్నా లేకున్నా పాటలో తేడా రాదు. అందుకే అవి ఎప్పుడు పోయాయో ఎవరికీ తెలియలేదు.

"గీ వరుస మూగదని ఎరికైనోళ్లే తీసిండ్రు," రూతమ్మ చెప్పింది విని, బయటికి వచ్చి కోటు దులుపుకుంటూ అన్నారు జీవరత్నం గారు. "ఎరికైనోళ్లు ఇద్దరు. ఆర్గన్ వాయించే మీరు, గాలి కొట్టే ఐలవ్వ. తాళంచెవి మీ దగ్గరనే ఉంటది."

"సార్!" అంది రూతమ్మ.

"మిమ్ముల అంటలేను. లెక్క చెప్తున్న. ఆదివారం భోజనాలైనంక బిషప్ గారి ముందట గీ ముచ్చట తేలాలె. ఇద్దరిల ఒకరు కాంపౌండు ఇడిచిపోవుడే."

రూతమ్మ తాళం వేసింది. కాంపౌండులో తనకిచ్చిన గది, గది ముందు జామచెట్టు, ఈ వాయిద్యం, ఇవి తప్ప ఆమెకు వేరే లోకం లేదు. తాను తీయలేదు. అంటే తీసింది ఐలవ్వే. లెక్క అంత తేలికగా తేలినందుకు ఆమెకు మొదట కలిగింది బాధ కాదు, ఊరట.

ఆ సాయంత్రం సాధనకు ఐలవ్వ ఎప్పటిలాగే చీపురుకట్టా, ఆకుల గంపా పట్టుకుని వచ్చింది. బడంతా ఊడ్చేదీ ఆమే, ఆర్గన్‌కు గాలి కొట్టేదీ ఆమే. గంపను వెనక గది గుమ్మం లోపల పెట్టి, కొంగు నడుముకు చుట్టి, తిత్తి పిడి పట్టుకుంది. గదంతా పరుచుకున్న తోలు తిత్తి అది, పైన బరువుకు ఇటుకలు పేర్చి ఉంటాయి. పిడి కిందికి నొక్కితే తిత్తి ఉబ్బుతుంది. ఎంత ఉబ్బిందో చెప్పడానికి దారానికి కట్టిన చిన్న గుండు గోడ మీద కిందికీ పైకీ జారుతుంది. గుండు గీత దాటకుండా చూసుకోవడమే ఐలవ్వ పని.

రూతమ్మ వాయిస్తూ ప్రతి చరణానికీ వెనక్కి తిరిగి చూసింది. తెరిచిన తలుపులోంచి ఐలవ్వ వీపు, పిడిమీద కుడిచెయ్యి కనబడుతున్నాయి. ఎడమచెయ్యి కనబడలేదు.

"ఐలవ్వా, రెండు చేతులతోని కొట్టు."

"ఒక చెయ్యి సాలుతది టీచరమ్మా. ఇన్నేండ్ల సంది ఒక్క చేతితోనే కొడుతున్న గద."

ఆ మాట ఆర్గన్ మెట్ల మీద రూతమ్మ వేళ్లను ఆపేసింది. మరి రెండో చెయ్యి ఇన్నేండ్లుగా ఏం చేస్తున్నట్టు? ఆమెకు వానలప్పటి ఒక సాయంత్రం గుర్తొచ్చింది. ఆ రోజు పాట మధ్యలో గాలి సన్నగిల్లి, స్వరం మూలిగి, మళ్లీ లేచింది. "నిద్రపోతున్నవా?" అని తాను అరిచింది. "తుమ్మొచ్చింది టీచరమ్మా," అని జవాబు. పిడి మీద చెయ్యి మారితే తప్ప గాలి అలా సన్నగిల్లదు. తాను కళ్లు మూసుకుని దేవుణ్ణి స్తుతిస్తుంటే, జానెడు గోడ అవతల ఐలవ్వ గొట్టాలు ఒక్కొక్కటే ఊడబెరికి గంపలో ఆకుల కింద పెట్టుకుందన్నమాట! రూతమ్మకు ఒళ్లు మండిపోయింది. దొంగతనానికి తాళం వేయించుకున్నది తనచేతే, పాట పాడించుకున్నదీ తనచేతే.

సాధన అయ్యాక, "గంప చూపియ్యి," అంది.

ఐలవ్వ ఆమెను ఎగాదిగా చూసి, గంప బోర్లించింది. వేపాకులు, సుద్దముక్కలు, ఒక చిరిగిన టోపీ పడ్డాయి. ఐలవ్వ వాటిని మళ్లీ గంపలోకి ఎత్తుకుంది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చి, పోయింది.

మర్నాడు బడి వదిలాక రూతమ్మ చీపురుకట్టలు కావాలన్న నెపంతో గోదారి ఒడ్డున ఐలవ్వ ఇంటికి వెళ్లింది. ఐలవ్వ లేదు. ఆమె తమ్ముడు హనుమండ్లు పందిరికింద వల బాగుచేస్తున్నాడు. చేపలు పట్టడం అతని బతుకు. వల అంచున కొత్త సీసపు గుండ్లు వరుసగా వేలాడుతున్నాయి.

"గుండ్లు కొత్తయా హనుమండ్లూ?" అంది రూతమ్మ, ఏమీ ఎరగనట్టు.

"ఔ టీచరమ్మా. పాతయి గోదారి మింగింది." అతను తల ఎత్తలేదు. "కూసోరాదుండ్రి. అక్క ఇప్పుడే వస్తది."

తల ఎందుకు ఎత్తలేదు? అడగకుండానే గోదారి మీదికి ఎందుకు తోశాడు? రూతమ్మ ఇంట్లోకి తొంగిచూసింది. మట్టికుండలు, ఒక సత్తు చెంబు, దండెం మీద రెండు చీరలు. దొంగసొమ్ముతో బాగుపడ్డ ఇల్లులా అయితే లేదు. కానీ దొంగలు తెలివైనవాళ్లయితే ఇంట్లో పెట్టుకుంటారా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. అతను మంచినీళ్లకు లేచినప్పుడు, వల చివర ఇంకా కట్టని గుండు ఒకటి తీసి కొంగున ముడేసుకుంది. ఇచ్చిన నీళ్లు తాగి, చీపుర్ల సంగతే మరిచిపోయి వచ్చేసింది. సగం దారిలో గానీ తాను చేసినదాని పేరేమిటో ఆమెకు తట్టలేదు.

శనివారం లింగాపూర్ సంత. ఎడ్లబండ్ల అడ్డా పక్కన కళాయి వేసే మహబూబ్ సాబు నేలలో గుంట తవ్వి కొలిమి పెట్టుకున్నాడు. వానలు వెనకబట్టాక యేడాదికొకసారి వచ్చి, ఊళ్లో ఇత్తడి రాగి గిన్నెలన్నిటికీ లోపల తగరం పూసి పోతాడు. లోహాల సంగతి అతనికే తెలియాలి. గుండునూ గొట్టాన్నీ పక్కపక్కన పెట్టి అతనిచేత ఒకటేనని అనిపిస్తే, రేపు పెద్దమనుషుల ముందు ఇక మాట్లాడాల్సింది ఉండదు.

దానికి ఒక గొట్టం కావాలి. రూతమ్మ పొద్దున్నే గుడికి పోయి, వెనక గది తెరిచి, మూగ వరుసలో మిగిలినవాటిలో మూరెడు గొట్టాన్ని పట్టుకుని పైకి లాగింది. అది ఏ చప్పుడూ లేకుండా చేతిలోకి వచ్చింది. ఇంత తేలికా! దాన్ని పుస్తకాల సంచిలో పెట్టుకుని, కిటికీలోంచి ఎవరైనా చూశారేమోనని నాలుగు దిక్కులా చూసుకుని బయటపడింది.

మహబూబ్ సాబు ముందు గుండు తీసుకున్నాడు. గోటితో గీరి, పక్కన పడేశాడు. "జాలరి సీసం. గిది తింటే మనిషి పోతడు, చేప పోదు."

రూతమ్మ సంచిలోంచి గొట్టం తీసింది. సాబు ముఖం విప్పారింది. గొట్టం అంచును చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో మెల్లగా వంచాడు. "ఇనుండ్రి," అని ఆమె చెవి దగ్గర పెట్టి మళ్లీ వంచాడు. లోపల ఏదో సన్నగా చిటపటమంది, పసిపిల్ల నిద్రలో కుంయిమన్నట్టు.

"ఏడుస్తుంది, ఇనబడ్డదా? అస్సల్ తగరం వంచితె ఏడుస్తది. సీసం ఏడ్వది, గది మొండిది. గీ మాల్ మస్తు మంచిదమ్మా. మీ బడి వంట గంజులకు పోయిన వారం గిదే గద ఏసిన."

"మా బడి గంజులకా?"

"ఔ. గాలి కొట్టే అవ్వ తెచ్చింది. ఒక్కొక్కటి చెవికాడ వంచి చూసి, ఏడ్చినయే కరగబెట్టిన. మొండియి వాపసిచ్చిన. పిల్లలు తినే గంజులాయె, సీసం కలిస్తె పాపం నాకు తగుల్తది. నాకు కూలి కింద తుంటలు మిగిలినయి, గంతే. ఆ అవ్వ నా తిత్తి గుంజి కొలిమి గుడ పెట్టింది. చెయ్యి మంచిది." సాబు ఆమె ముఖం చూసి ఆగాడు. "ఏందమ్మా, జెప్పి తెప్పియ్యలేదా మీరు?"

రూతమ్మ గొట్టాన్ని సంచిలో పెట్టుకుని నేరుగా హాస్టల్ వంటింటికి నడిచింది.

వంటామె పోశవ్వ పొయ్యి ముందు కూర్చుని చింతపండు పిసుకుతోంది. రూతమ్మ పెద్ద గంజు మూత తీసింది. లోపల వెన్నెల పోసినట్టు తెల్లగా ఉంది. రెండోది తీసింది, అదీ అంతే. మూలన ఉన్న పప్పు గంజు లోపల మాత్రం అంచుల వెంబడి చిలుము పచ్చగా పట్టి ఉంది. పోశవ్వ పిసకడం ఆపి ఆమె చేతుల వంకే చూస్తోంది.

"ఎప్పుడేయించిండ్రు పోశవ్వా?"

"నాకేం ఎరిక టీచరమ్మా. నేను అన్నం వండేదాన్ని," అంది పోశవ్వ, మూత ఆమె చేతిలోంచి తీసుకుని గంజు మీద పెడుతూ.

రూతమ్మకు ఆ మూత చప్పుడుతో అంతా గుర్తొచ్చింది. వానల మొదట్లో పులుసు తిని పిల్లలు వాంతులు చేసుకున్నారు. పోశవ్వ పచ్చబడ్డ గరిటె తెచ్చి ఆఫీసు వరండాలో హెడ్మాస్టరు ముందు పట్టుకుంది, గంజులకు కళాయి పోయింది, వేయించుండ్రి అని. బిషప్ గారు వచ్చిపోయాక చూద్దామన్నారాయన. గుడిలోకి కనబడే ఆర్గన్ ముందువైపు గొట్టాలకు బంగారు రంగు వేయించేది ఉంది, ముందు అది అన్నారు. ఆ ముందు గొట్టాలు ఒట్టి సింగారం, వాటిలోకి గాలి పోదు, అవి ఏనాడూ పలకవు. అది తెలిసిన మనిషి పక్కనే నిలబడి ఉంది. "నిజమే సార్, ముందు రంగు," అన్నది కూడా ఆ మనిషే, తానే. అప్పుడు ఐలవ్వ అదే వరండా ఊడుస్తోంది. ఊడుస్తూ ఆగి, తలెత్తి తనవైపు ఒకసారి చూసి, మళ్లీ ఊడ్చుకుంది.

రూతమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని అలాగే నిలబడింది. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. అయినా ఐలవ్వ మీద కోపం పోలేదు, సరిగదా ఇంకొంచెం పెరిగింది. తనను గుడ్డిదాన్ని చేసి ఆడించింది గదా!

ఆదివారం ఆరాధన బాగా జరిగింది. బంగారు రంగు గొట్టాలను బిషప్ గారు మెచ్చుకున్నారు. భోజనాలు హాస్టల్ వరండాలో, మోదుగాకు విస్తళ్లలో. జీవరత్నం గారు బిషప్ పక్కన కూర్చున్నారు, సంఘపు పెద్దలు చెరోవైపు. పోశవ్వ అన్నం, మాంసం, పులుసు వడ్డిస్తోంది. ఐలవ్వను స్తంభం దగ్గర నిలబెట్టారు. ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎందుకో ఆమెకు తెలుసని ఆమె నిలబడ్డ తీరే చెబుతోంది.

జీవరత్నం గారు ఆగలేకపోయారు. తినడం సగంలో ఉండగానే సంగతంతా రుజువుతో సహా చెప్పి, "ఇగ టీచరమ్మే చెప్పాలె. చెప్తే రేపు పొద్దుగల ఠాణాకు అప్పజెప్తం," అని ముగించారు.

అందరూ రూతమ్మవైపు తిరిగారు. ఆమె ఐలవ్వను చూసింది. ఐలవ్వ ఆమెను చూడలేదు, పులుసు గంజునే చూస్తోంది. ఊడ్చే మనిషి తీస్తే అది దొంగతనం, ఠాణా, లాఠీ. టీచరు తీస్తే పొరపాటు. ఆ తేడా రూతమ్మకు అంత స్పష్టంగా ఎప్పుడూ కనబడలేదు. ఆమె సంచిలోంచి గొట్టం తీసి విస్తరాకు పక్కన పెట్టింది.

"నేనే తీసిన సార్. గది మూగ వరుస. గంజులకు కళాయి వేయించిన. ఇదొకటి మిగిలింది."

జీవరత్నం గారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అడగకుంటనా?"

"అడిగినం సార్. పోశవ్వ పచ్చ గరిటె పట్టుకొచ్చి అడిగింది. ముందు బంగారు రంగు అన్నరు మీరు. నేనూ అన్న."

పెద్దలు ఒక్కొక్కరే తమ విస్తళ్లలోని పులుసువైపు చూసుకున్నారు. ఒకాయన వేలితో అంచు తాకి ఆగిపోయాడు. బిషప్ గారు గొట్టాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కింద పెట్టారు. తర్వాత పోశవ్వను పిలిచి, "ఇంకొంచెం పులుసు పొయ్యమ్మా," అన్నారు.

ఆ పులుసుతో ఠాణా మాట పోయింది. కానీ లెక్క మిగిలితే జీవరత్నం గారికి నిద్రపట్టదు. బిషప్ గారి జీపు గేటు దాటగానే రూతమ్మ ముందు చెయ్యి చాచారు. ఆమె వెనక గది తాళంచెవి ఆ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తీసుకుపోయి, విస్తళ్లు ఎత్తుతున్న ఐలవ్వకు ఇచ్చారు.

"ఇగ గిది నీ దగ్గరనే ఉంచు ఐలవ్వా. పాపం, నిన్ను ఉత్తగనే అనుమానపడ్డం. నువ్వు లేంది టీచరమ్మ లోపలికి పోవద్దు. జర కనిపెట్టుకోని ఉండు."

"గట్లనే సారూ," అంది ఐలవ్వ, తాళంచెవిని కొంగున ముడేసుకుంటూ.

పొద్దు వాలుతుండగా ఐలవ్వ రూతమ్మ గది ముందుకు వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. జామచెట్టు కింద నిలబడి ఆమెను ఎగాదిగా చూసింది, గంప బోర్లించిననాడు చూసినట్టే.

"ఎందుకు మీదేసుకున్నవు టీచరమ్మా?"

రూతమ్మ, "హనుమండ్లు గుండు ఒకటి నా దగ్గరుంది," అంటూ దాన్ని తెచ్చి ఇచ్చింది.

ఐలవ్వ గుండును అరచేతిలో తిప్పుకుంది. "గుండు వాపసిస్తివి, నేరం నువ్వు మోస్తివి. రేపు నన్నేమడుగుతవో అని పరేషానయితుంది నాకు."

"ఏమడగ ఐలవ్వా."

"గదే సమజైతలేదు," అంది ఐలవ్వ. కొంతసేపు గేటువైపు, హెడ్మాస్టరు ఇంటివైపు చూసింది. కొంగు ముడి తడుముకుంది. తర్వాత గొంతు తగ్గించి, "పప్పు గంజొకటి మిగిలింది. సాబు ఎల్లుండి పోతడట," అంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నమ్మకమని అనడానికి లేదు. ఐలవ్వ కళ్లు ఇంకా లెక్క కడుతూనే ఉన్నాయి.

"చెవికాడ పెట్టి వంచి చూడు," అంది రూతమ్మ. "ఏడ్చినవే తియ్యి."

మర్నాడు సాయంత్రం సాధనకు ఐలవ్వే తాళం తీసింది. జీవరత్నం గారు గుడి గుమ్మంలో నిలబడి, ఇద్దరూ ఎవరిచోట వారున్నారని చూసుకుని, తృప్తిగా వెళ్లిపోయారు. గంప గుమ్మం లోపల ఉంది. రూతమ్మ కీర్తనల పుస్తకం తిరగేసి, అన్నిటికంటే పొడుగైన పాట ఎంచుకుంది. రెండో చరణంలో గాలి సన్నగిల్లింది, స్వరం మూలిగి మళ్లీ లేచింది. మూడో చరణంలోనూ అంతే అయింది.

రూతమ్మ ఇంకొంచెం గట్టిగా వాయించింది. వెనక్కి తిరిగి చూడలేదు.